"నేనెంతటివాడిని?" అన్న ప్రశ్నకు దేవుడిచ్చిన జవాబు

మన సంఘాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "నావల్ల కాదండి."

ఇంటి కూటంలో ముగింపు ప్రార్థన చేయమని అడిగితే ఈ మాటే వినిపిస్తుంది. సండే స్కూల్లో చిన్నపిల్లల తరగతి తీసుకోమంటే ఈ మాటే. ముప్పై ఏళ్లుగా బైబిలు చదువుతున్న తల్లి కూడా "నేను చదువుకున్నదాన్ని కాదయ్యా, వేరేవాళ్లకు చెప్పండి" అని వెనక బెంచీలోకి జరిగిపోతుంది. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు తప్పిన పిల్లవాడు ఆ మాట పైకి అనడు. ఆదివారం ఆరాధనకు రావడం మానేస్తాడు. ఉద్యోగం పోయిన తండ్రి అందరికీ వందనాలు చెబుతూనే ఉంటాడు, రాత్రి మాత్రం నిద్రపోడు. పైకి ఇవన్నీ వేరువేరు కథలుగా కనబడినా లోపల అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "నేనెంతటివాడిని? నేనెంతటిదాన్ని?"

ఈ ప్రశ్నకు మన దగ్గర సాధారణంగా రెండు మందులు దొరుకుతున్నాయి. మొదటిది గద్దింపు: "నీకు విశ్వాసం తక్కువ, అందుకే భయం." రెండోది నినాదం: "నువ్వు గొప్పవాడివి, నువ్వు తలచుకుంటే ఏదైనా సాధిస్తావు." గద్దింపు విన్నవాడు ఉన్న భయానికి తోడు నేరభావాన్ని కూడా మోసుకుని ఇంటికి వెళ్తాడు. నినాదం విన్నవాడికి ఆ ఉత్సాహం సోమవారం ఉదయం వరకూ కూడా ఉండదు. లేఖనాల్లో దేవుడు తన సేవకుల సందేహాలకు ఈ రెండు మందుల్లో ఏదీ మొదటిగా వాడలేదు. ఆయన వాడిన పద్ధతి వేరు. దాన్ని నెమ్మదిగా పరిశీలిస్తే మనకూ, మన పిల్లలకూ పనికొస్తుంది.

తగ్గింపు వేరు, తనను తాను కొట్టివేసుకోవడం వేరు

మొదట ఒక గందరగోళం తొలగించుకుందాం. "నావల్ల కాదు" అనడాన్ని చాలామంది తగ్గింపు అనుకుంటారు. ఈ రెండింటినీ వేరుచేసి చూడడం కష్టమేమీ కాదు. తగ్గింపు గలవాడు పని చేస్తాడు, పేరు మాత్రం దేవునికి ఇస్తాడు. తన మీద తనకు నమ్మకం లేనివాడు పనే మొదలుపెట్టడు. తగ్గింపు గలవాడి చూపు ఎదుటివారి అవసరం మీద ఉంటుంది. రెండోవాడి చూపు ఎప్పుడూ తన మీదే: నన్ను చూసి ఏమనుకుంటారు, తప్పు పోతే నవ్వుతారేమో, నా గొంతు వణుకుతుందేమో.

అలాగని ప్రతి సందేహమూ చెడ్డది కాదు. మొదటిసారి వాక్యం చెప్పబోయే యువకుడికి గుండె దడ ఉండడం మంచిదే, ఆ దడ వల్లే శనివారం రాత్రి కూర్చుని చదువుకుంటాడు. "నాకు ఇది ఇంకా రాదు" అన్న మాట నిజమే కావచ్చు, నేర్చుకుంటే ఆ సందేహం తీరిపోతుంది. కానీ "నాకు ఇది ఎప్పటికీ రాదు, నేను అలాంటివాడినే" అన్నప్పుడు మనిషి తన పని గురించి మాట్లాడడం మాని, తన మీద తానే తీర్పు చెప్పుకుంటున్నాడు. ఈ వ్యాసం ఆ తీర్పు గురించే.

నలభై ఏళ్ల పాత గాయం

మండుచున్న పొద దగ్గర మోషే దేవుణ్ణి అడిగిన మొదటి ప్రశ్న మనకు తెలుసు. ఫరో దగ్గరకు వెళ్లడానికి నేనెంతటివాడినని అడిగాడు (నిర్గమ 3:11). ఆ ప్రశ్న ఆ రోజే పుట్టిందా? ఒక అధ్యాయం వెనక్కు తిప్పితే జవాబు కనబడుతుంది. నలభై ఏళ్ల క్రితం ఐగుప్తులో, పోట్లాడుకుంటున్న ఇద్దరు హెబ్రీయుల మధ్యకు మోషే వెళ్లాడు. అన్యాయం చేసినవాడు తిరగబడి, మా మీద నిన్ను అధికారిగా ఎవరు నియమించారని నిలదీశాడు (నిర్గమ 2:14). ఆ తర్వాత మోషే పారిపోయాడు. మిద్యానులో మామగారి గొర్రెలు కాస్తూ నలభై ఏళ్లు గడిపాడు. "నిన్నెవరు నియమించారు?" అని ఒకప్పుడు ఎదుటివాడు అడిగిన ప్రశ్న ఎనభయ్యవ ఏట "నేనెంతటివాడిని?" అని అతని నోటి నుండే వచ్చింది.

ఇంకొక విషయం గమనించండి. తనకు మాట చక్కగా రాదని, నోరు తిరగదని మోషే దేవునితో చెప్పాడు (నిర్గమ 4:10). కానీ అపొస్తలుల కార్యములు ఏడవ అధ్యాయంలో స్తెఫను మోషే యౌవనం గురించి చెబుతూ అతను మాటల్లోనూ క్రియల్లోనూ సమర్థుడని అంటాడు. ఇద్దరూ ఒకే మనిషి గురించే మాట్లాడుతున్నారు. మోషే అబద్ధమాడాడని అనుకోనక్కరలేదు. ఒక్క ఓటమి, ఆ తర్వాత ఎవరితోనూ పెద్దగా మాట్లాడే పని లేని నలభై ఏళ్ల ఒంటరితనం, తనకు ఏమి వచ్చో కూడా మనిషి మరిచిపోయేలా చేయగలవు. మనలోనూ ఇదే జరుగుతుంది. పదిసార్లు బాగా చేసిన పని జ్ఞాపకం ఉండదు, ఒక్కసారి నలుగురిలో తడబడిన రోజు మాత్రం నిన్న జరిగినట్టు గుర్తుంటుంది.

ఇప్పుడు దేవుని జవాబు చూడండి. నేనెంతటివాడినని మోషే అడిగితే, నువ్వు ఇంతటివాడివని దేవుడు చెప్పలేదు. రాజభవనంలో నేర్చుకున్న విద్యలు గుర్తు చేయలేదు, మెచ్చుకోలేదు. నేను నీకు తోడుగా ఉంటానన్నాడు. ప్రశ్న మోషే గురించి, జవాబు దేవుని గురించి. మోషే కళ్లు తన మీద నుండి తనను పంపుతున్నవాని మీదకు మళ్లాలి. బలం మొదలయ్యేది అక్కడే.

మోషే అంతటితో ఊరుకోలేదు. నీ పేరేమిటని, వాళ్లు నమ్మకపోతే ఎలాగని, నాకు మాట రాదని, చివరికి ఇంకెవరినైనా పంపమని మొత్తం ఐదు అడ్డంకులు చెప్పాడు. దేవుడు ప్రతిదానికీ జవాబిచ్చాడు. ఐదోసారి ఆయనకు కోపం వచ్చిందని కూడా రాసి ఉంది. అయినా ఆ కోపంలో సైతం ఆయన మోషేను వదిలేయలేదు, ఒక తోడును ఇచ్చాడు. ఆ జవాబుల్లో రెండింటిని, మోషే చేతికర్రనూ అతనికి దొరికిన తోడునూ, కాసేపట్లో చూద్దాం. దానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది.

ఆ మాట మొదట అన్నది ఎవరు?

న్యాయాధిపతుల గ్రంథం ఆరవ అధ్యాయంలో గిద్యోను ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్నాడు. మామూలుగా గాలి వీచే కళ్లంలో చేయవలసిన పని అది. మిద్యానీయులు దోచుకుపోతారన్న భయంతో దాక్కుని చేస్తున్నాడు. దేవదూత వచ్చి పరాక్రమశాలి అని పిలిస్తే అతనికి నమ్మకం కలగలేదు. మనష్షే గోత్రంలో మా కుటుంబం అన్నిటికంటే బలహీనమైనది, మా ఇంట్లో నేను అందరికంటే చిన్నవాణ్ణి అన్నాడు.

ఈ జవాబులో గిద్యోను సొంత మాట ఎంత? తన కుటుంబం స్థాయి ఇది, ఆ ఇంట్లో తన స్థానం ఇది అని చుట్టూ ఉన్నవాళ్లు చెప్పిన లెక్కనే అతను అప్పజెప్పాడు. మన ప్రాంతంలో ఈ లెక్క మరీ పాతది. కులాన్ని బట్టి, రంగును బట్టి, ఆడపిల్ల అని, తెలుగు మీడియం అని, కూలి చేసుకునే ఇల్లు అని మనుషుల విలువను పుట్టకముందే కట్టేసే సమాజం మనది. చిన్నప్పుడు వేరే గ్లాసులో నీళ్లు తాగినవాడికి, క్లాసులో చివర కూర్చోబెట్టినవాడికి ఆ లెక్క ఒంట్లోకి ఇంకిపోతుంది. పెద్దయ్యాక ఎవరూ ఏమీ అనకపోయినా అతనే తనను వెనక కూర్చోబెట్టుకుంటాడు. అలాంటివాడితో "నీకు ఆత్మవిశ్వాసం లేదు" అనడం సగం నిజమే. ఆ విశ్వాసాన్ని లాక్కున్నవాళ్లు ఉన్నారన్నది మిగతా సగం.

గుర్రం జాషువా జీవితం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1895లో గుంటూరు జిల్లా వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. అంటరానితనం వల్ల అడుగడుగునా అవమానాలు ఎదుర్కొన్నారు. పద్యం రాయడం తమ సొత్తు అనుకునేవాళ్ల మధ్య ఆయన ఛందస్సు నేర్చుకుని పద్యమే రాశారు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో, గుడిలోకి అడుగుపెట్టనివ్వని పేదవాడు తన గోడును గబ్బిలం ద్వారా కాశీలోని శివునికి విన్నవించుకుంటాడు. గుడి తలుపులు మనిషికి మూసినా, గబ్బిలాన్ని ఆపేవారు లేరు కదా! 1964లో ఆయన 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్ వచ్చింది. లోకం తన మీద ఇచ్చిన తీర్పును ఆయన తన తీర్పుగా ఒప్పుకోలేదు. అవమానం అబద్ధమని తెలుసుకుని, చేతిలో ఉన్న విద్యతో దానికి జవాబు చెప్పారు.

కాబట్టి "నావల్ల కాదు" అని మనసు అన్నప్పుడు ఒక ప్రశ్న వేసుకోవడం మేలు: ఈ మాట మొదట ఎవరన్నారు? ఎప్పుడు అన్నారు? ఆ అన్నవారికి నా మీద తీర్పు చెప్పే అధికారం ఎవరిచ్చారు? ఒక కాగితం మీద రాసి చూడండి. చాలాసార్లు అది ఒక టీచరు కోపంలో అన్న మాటో, ఒక బంధువు పెళ్లిలో నవ్వుతూ అన్న మాటో అయి ఉంటుంది. మనల్ని సృష్టించినవాని మాట కంటే దానికి ఎక్కువ బరువు ఇవ్వనక్కరలేదు.

చేతిలో ఉన్నదానితో మొదలు

మోషేకు దేవుడిచ్చిన జవాబుల్లో ఒకటి నిజానికి ఒక ప్రశ్న. నీ చేతిలో ఏముందని అడిగాడు. ఉన్నది గొర్రెల కాపరి కర్ర. రోజూ పట్టుకునేది, విలువ లేనిది. దేవుడు ఆ కర్రతోనే మొదలుపెట్టాడు. మరికొన్ని వచనాల తర్వాత అదే కర్రను లేఖనం దేవుని కర్ర అని పిలుస్తుంది. కర్ర మారలేదు, అది ఎవరి పనిలో ఉందన్నది మారింది.

గిద్యోను విషయంలోనూ అంతే. మొదటి రోజే మిద్యానీయుల సైన్యం మీదకు పంపలేదు. ముందు మీ నాన్న ఇంట్లో ఉన్న బయలు బలిపీఠం పడగొట్టమన్నాడు. గిద్యోనుకు ఇంటివాళ్లన్నా ఊరివాళ్లన్నా భయం. అందుకే పగలు కాక రాత్రి, పదిమంది పనివాళ్లను వెంటబెట్టుకుని ఆ పని చేశాడు. భయపడుతూనే చేశాడు, చీకట్లో చేశాడు, అయినా చేశాడు. ఎందుకు రాత్రి చేశావని దేవుడు తప్పు పట్టలేదు. తెల్లవారాక ఊరివాళ్లు గొడవకు వస్తే, ఏ తండ్రికి భయపడ్డాడో ఆ తండ్రి యోవాషే కొడుకు పక్షాన నిలబడ్డాడు. భయం చెప్పిన జోస్యం తప్పిపోయింది. చేసి చూడకపోతే అది తప్పని గిద్యోనుకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మనస్తత్వ శాస్త్రం కూడా దీనికి దగ్గరగానే మాట్లాడుతుంది. ఆల్బర్ట్ బందూరా అనే శాస్త్రవేత్త 1977లో, ఒక పని తాను చేయగలనన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుండి వస్తుందో వివరించాడు. ఆయన నాలుగు ఊటలు చెప్పాడు. ఒకటి, స్వయంగా చేసి గెలిచిన అనుభవం. రెండు, తనలాంటివారు చేయడం కళ్లారా చూడడం. మూడు, నమ్మదగినవారు ఇచ్చే ప్రోత్సాహం. నాలుగు, శరీరం, మనసు ఉన్న స్థితి, దాన్ని మనం అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదే అని ఆయన వాదన. ఉత్తి మాటలతో కలిగించిన నమ్మకం పని దగ్గర ఎదురుదెబ్బ తగిలితే త్వరగా కరిగిపోతుంది. వేదిక మీది నినాదాలు సోమవారానికి ఎందుకు చల్లారిపోతాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

దావీదు గొల్యాతు ముందు నిలబడినప్పుడు సౌలుకు చెప్పిన సాక్ష్యం కూడా ఇలాంటిదే. నేను వీరుణ్ణి అనలేదు. గొర్రెలు కాస్తుండగా సింహం వచ్చిన రోజు, ఎలుగుబంటి వచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పాడు. అప్పుడు విడిపించిన దేవుడు ఇప్పుడూ విడిపిస్తాడన్నాడు. సౌలు ఇచ్చిన కవచం అలవాటు లేదని తీసేసి, అలవాటైన వడిసెల పట్టుకున్నాడు. ఎవరూ చూడని అడవిలో ఒక్కో గొర్రెను కాపాడుతూ గడిపిన రోజులే అతనికి లోయలో ధైర్యాన్నిచ్చాయి.

అందుకే మానసిక బలం కావాలనుకునేవారు పెద్ద తీర్మానాలతో మొదలుపెట్టకండి. ప్రార్థన చేయడానికి భయపడే అక్క ముందు ఇంట్లో భోజనం దగ్గర రెండు వాక్యాలు పైకి ప్రార్థించవచ్చు. వచ్చే వారం ఇద్దరు స్నేహితురాళ్ల ముందు, ఆ తర్వాత ఇంటి కూటంలో. లెక్కలంటే హడలిపోయే విద్యార్థి రోజుకు రెండు లెక్కలు, తేలికైనవే, పూర్తిగా చేసి మూసేయవచ్చు. చేసినదాన్ని తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకోండి. మన మనసు ఓటములను అడక్కుండానే దాచుకుంటుంది, విజయాలను మాత్రం రాసిపెట్టాలి. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక పన్నెండు రాళ్లు నిలబెట్టింది కూడా జ్ఞాపకం కోసమే.

ఒంటరిగా కాదు

మోషే చివరి అడ్డంకికి దేవుడిచ్చిన జవాబు అహరోను. అక్కడ ఒక చిన్న మాట మన కన్ను దాటిపోతుంది. అహరోను అప్పటికే నిన్ను కలుసుకోవడానికి బయలుదేరి వస్తున్నాడని దేవుడు చెప్పాడు (నిర్గమ 4:14). మోషే ఇంకా "నావల్ల కాదు" అంటూండగానే అతనికి సాయం దారిలో నడిచి వస్తోంది! గిద్యోనుకు కూడా యుద్ధానికి ముందు రాత్రి, భయంగా ఉంటే పూరా అనే పనివాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లమని చెప్పాడు. భయపడేవాడికి తోడు ఇవ్వడం దేవుని అలవాటు.

కొత్త నిబంధనలో ఈ పని బర్నబా చేశాడు. మార్కు అనబడిన యోహాను మొదటి మిషనరీ ప్రయాణంలో పెర్గే దగ్గర జట్టును వదిలి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. రెండో ప్రయాణానికి అతన్ని తీసుకువెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. ఆ వాదన ఎంత దూరం వెళ్లిందంటే పౌలు, బర్నబా విడిపోయారు. బర్నబా ఆ యువకుణ్ణి వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. ఏళ్ల తర్వాత చెరలో ఉన్న పౌలు, మార్కు నాకు పరిచర్యలో ఎంతో ఉపయోగపడతాడు, అతన్ని తీసుకురమ్మని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:11). ఒక్కసారి విఫలమైనవాడిని ఇక పనికిరాడని పక్కన పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. బర్నబా ఉపన్యాసం చెప్పినట్టు రాసి లేదు. వెంటబెట్టుకుని వెళ్లాడు, అంతే.

మన సంఘాలకు ఇక్కడ ఒక పరీక్ష ఉంది. పాట పాడుతూ శ్రుతి తప్పిన అమ్మాయిని చూసి మనం నవ్వామా, లేక వచ్చే వారం మళ్లీ పాడమన్నామా? ఫెయిలైన పిల్లవాడి ఇంటికి వెళ్లామా, లేక ర్యాంకు వచ్చినవాడికి మాత్రమే ఆదివారం శాలువా కప్పామా? గెలిచినవాళ్ల సాక్ష్యాలే వినిపించే చోట ఓడినవాడికి కూర్చునే చోటు ఉండదు. ఏడాదికి రెండుసార్లయినా, పోరాటం ఇంకా ముగియనివారి సాక్ష్యం కూడా వినండి. "నేను ఇంకా భయపడుతూనే ఉన్నాను, అయినా నడుస్తున్నాను" అని ఒక పెద్ద మనిషి నోట వింటే వెనక బెంచీలో ఎందరి మనసు తేలికపడుతుందో!

దేహాన్ని మరువకండి

కర్మెలు పర్వతం మీద గొప్ప విజయం చూసిన ఏలీయా, కొద్ది కాలంలోనే యెజెబెలు బెదిరింపు విని అరణ్యంలోకి పారిపోయాడు. ఒక చెట్టు కింద కూర్చుని, నేను నా పితరులకంటే గొప్పవాణ్ణి కాను, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. అంత మాట అన్న ప్రవక్తకు దేవుడు ప్రసంగం చేయలేదు, విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి వేడి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి భోజనం పెట్టాడు. ఆ తర్వాతే హోరేబు ప్రయాణం, అక్కడే సంభాషణ. నేను ఒక్కడినే మిగిలానన్న అతని లెక్క తప్పని, ఇంకా ఏడువేల మంది ఉన్నారని చెప్పి, ఎలీషాను తోడిచ్చాడు.

ఆ వరుస గమనించండి: నిద్ర, ఆహారం, నడక, మాట, తోడు, పని. నాలుగు రోజులు సరిగా నిద్రలేనివాడి మనసు తన గురించి చెప్పే మాటలను నమ్మకూడదు. రాత్రి రెండు గంటలకు మనకు మన మీద కలిగే అభిప్రాయం నిజం కాదు, అలసట.

చార్లెస్ స్పర్జన్ పేరు మన కాపరులందరికీ తెలుసు. 1856 అక్టోబరు 19న లండన్‌లోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాల్‌లో ఆయన ప్రసంగించబోతుండగా ఎవరో నిప్పు అంటుకుందని కేకలు వేశారు. నిప్పు లేదు. కానీ తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయస్సు 22 ఏళ్లు. ఆ దెబ్బకు కుప్పకూలిపోయాడు. స్నేహితులు ఆయన్ని ఊరికి దూరంగా తీసుకువెళ్లి విశ్రాంతి ఇప్పించారు. రెండు వారాల తర్వాత మళ్లీ ప్రసంగపీఠం ఎక్కాడు. ఆ జ్ఞాపకం మాత్రం ఆయనను జీవితాంతం వెంటాడింది, కుంగుబాటు మళ్లీ మళ్లీ వచ్చేది. ఆయన దాన్ని దాచుకోలేదు. తన కాలేజీలో కాపరులు కాబోయే విద్యార్థులకు ఇలాంటి కుంగుబాటు గురించే ప్రత్యేకంగా ఒక ఉపన్యాసం ఇచ్చాడు. విశ్రాంతి సోమరితనం కాదని, గాలి, నడక లేకుండా గదిలో కూర్చుండిపోవడం మనసును దెబ్బతీస్తుందని వారిని హెచ్చరించాడు. అంతటి ప్రసంగీకుడికి అవసరమైన విశ్రాంతి మనకు అక్కరలేదని అనుకోవడం ఆత్మీయత కాదు.

ఎప్పుడు వైద్యుని దగ్గరకు వెళ్లాలి?

సందేహం, దిగులు రెండు వారాలకు మించి రోజూ వదలకుండా ఉంటే, నిద్ర, ఆకలి పాడైతే, ఒకప్పుడు ఇష్టమైనవేవీ ఇష్టం లేకపోతే, అది అనారోగ్యం కావచ్చు. ముఖ్యంగా చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనలు వస్తుంటే ఆలస్యం చేయకూడదు. మధుమేహానికి మందు వేసుకోవడం అవిశ్వాసం కానట్టే, మానసిక వైద్యుణ్ణి కలవడమూ అవిశ్వాసం కాదు. ప్రార్థన, వైద్యం రెండూ కలిసి నడవగలవు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును మీ ఆలయం నోటీసు బోర్డు మీద అంటించండి. ఇంటర్, పదో తరగతి ఫలితాలు వచ్చే వారంలో సంఘ ప్రకటనల్లో తప్పకుండా చదవండి. ఎవరైనా చావు గురించి మాట్లాడితే "అలా అనకూడదు" అని నోరు మూయించకండి. పక్కన కూర్చుని వినండి, ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి మీరే తోడు వెళ్లండి. ఏలీయా దగ్గరకు వచ్చిన దూత చేసిన పని అదే.

ఈ వారం

ఈ వారం కుటుంబ ప్రార్థనలో నిర్గమకాండము మూడు, నాలుగు అధ్యాయాలు చదవండి. తర్వాత ఇంట్లో ఒక్కొక్కరూ మూడు విషయాలు చెప్పుకోండి. నావల్ల కాదని నేను అంటున్న పని ఏది? ఆ మాట నాకు మొదట ఎవరు నేర్పారు? నా చేతిలో ఇప్పుడు ఏముంది? పిల్లలు చెప్పేటప్పుడు పెద్దలు మధ్యలో సలహాలు ఇవ్వకండి, వినండి. పెద్దలు కూడా తమ భయాలు చెప్పండి. నాన్నకు కూడా భయం ఉంటుందని తెలిసిన పిల్లవాడు తన భయానికి సిగ్గుపడడు.

తర్వాత ఒక్క చిన్న పని ఎంచుకోండి, ఏడు రోజుల్లో చేయగలిగినది. దానికి ఒక తోడును కూడా ఎంచుకోండి. కాపరులూ సంఘ పెద్దలూ ఒక అడుగు ముందుకు వేసి, ఇప్పటివరకూ ఎవరూ పిలవని ఒక వ్యక్తిని పేరు పెట్టి పిలిచి ఒక చిన్న బాధ్యత ఇవ్వండి. తడబడితే నవ్వకండి, మళ్లీ ఇవ్వండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. మొదటి అడుగు వేయగానే సందేహం పారిపోదు. మోషే ఫరో దగ్గరకు వెళ్లిన మొదటిసారి పరిస్థితి బాగుపడలేదు, ఇటుకల పని ఇంకా కఠినమైంది. ప్రజలు అతన్నే తిట్టారు. అతను మళ్లీ అదే పాట పాడాడు: నాకు మాట రాదు, ఫరో నా మాట ఎందుకు వింటాడు (నిర్గమ 6:12). దేవుడు మళ్లీ పంపాడు. మానసిక బలమంటే సందేహం రాకపోవడం అనుకోకండి. వచ్చినప్పుడు దానితో పాటే నడిచి వెళ్లి పని చేయడమే బలం.

అలా నడిచిన మోషే చివరికి ఎక్కడికి చేరాడో ద్వితీయోపదేశకాండము తెరిచి చూడండి. ఆ గ్రంథంలో అధిక భాగం యొర్దాను ఇవతల ఇశ్రాయేలు జనమంతటి ముందు అతను చేసిన ప్రసంగాలే. మాట రాదని దేవునితో వాదించినవాడు, నూట ఇరవై ఏళ్ల వయస్సులో ఒక జాతి మొత్తాన్ని నిలబెట్టి మాట్లాడాడు. తన గురించి తనకున్న అభిప్రాయం మారేవరకు అతను మిద్యానులో ఆగి ఉంటే ఆ మాటలు మనకు చేరేవి కావు. కర్ర చేతబట్టుకుని, అన్నను తోడు తీసుకుని, భయంతోనే బయలుదేరాడు. మనల్ని కూడా ప్రభువు అంతవరకే అడుగుతున్నాడు.